వీడియో చూశాం, పాఠం వచ్చినట్టేనా?

ఆన్‌లైన్ కోర్సులో పేరు నమోదు చేసుకోవడం చిటికెలో అయ్యే పని. దాన్ని చివరిదాకా తీసుకువెళ్లేవారు మాత్రం చాలా తక్కువ. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడ్‌ఎక్స్ వేదిక మీద నడిపిన కోర్సుల రికార్డులను పరిశీలించి ఇద్దరు పరిశోధకులు 2019లో ‘సైన్స్’ పత్రికలో ఒక విశ్లేషణ ప్రచురించారు. 2017-18లో ఆ కోర్సుల్లో చేరినవారిలో పూర్తి చేసింది 3 శాతం పైచిలుకు మాత్రమే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవారిలోనూ పూర్తి చేసినవారు 46 శాతం, అంటే సగానికన్నా తక్కువే.

ఈ అంకెలు చూడగానే చాలామంది విద్యార్థుల బద్ధకాన్ని నిందిస్తారు. ఆ నింద అన్యాయమని నా అభిప్రాయం. ఉచితంగా దొరికే కోర్సులో ఒకటి రెండు పాఠాలు చూసి వెళ్దామని వచ్చినవారూ ఉంటారు. వారిని ఓడిపోయినవారిగా లెక్కించలేం. నిజంగా నేర్చుకోవాలని వచ్చి మధ్యలో ఆగిపోయినవారి సంగతి వేరు. వీరు కాక, ఏ లెక్కల్లోనూ కనిపించనివారు మరికొందరున్నారు. అన్ని వీడియోలూ చూసి, సర్టిఫికెట్ కూడా అందుకుని, నెల తిరిగేసరికి అందులో నాలుగు విషయాలైనా సొంతంగా చెప్పలేనివారు వీరు. ఇంతసేపు కూర్చుని, ఇంత శ్రద్ధగా విని, చివరికి ఏమీ మిగలకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం. తమకు తెలివి తక్కువనీ, జ్ఞాపకశక్తి లేదనీ వారు తమను తామే తప్పుపట్టుకుంటారు. చాలాసార్లు లోపం తెలివిలో ఉండదు, చదివే పద్ధతిలో ఉంటుంది. పద్ధతిని మార్చుకోవచ్చు.

తరగతి గది చేసిపెట్టిన పనులు

తరగతి గదిలో కూర్చున్న విద్యార్థికి అందేది బోధన ఒక్కటే కాదు. ఏ గంటకు ఏ పాఠమో మరెవరో ముందే నిర్ణయించి ఉంటారు. మధ్యలో లేచి వెళ్లిపోవడం కుదరదు. అధ్యాపకులు హఠాత్తుగా ఒక ప్రశ్న అడుగుతారు. జవాబు తోచకపోతే, విషయం తనకింకా రాలేదన్న సంగతి విద్యార్థికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. నలుగురి ముఖాల్లో అయోమయం కనిపిస్తే అదే విషయాన్ని మరోలా చెబుతారు. పక్కన కూర్చున్న స్నేహితుడిని అడిగి తెలుసుకునే వీలుంటుంది. వారాంతంలో ఒక చిన్న పరీక్ష, గడువు దాటితే చీవాట్లు సరేసరి.

చదువు తెర మీదికి మారినప్పుడు వీటిలో బోధన మాత్రమే చెక్కుచెదరకుండా వచ్చింది. నిజానికి అది మరింత మెరుగుపడే వచ్చింది. చక్కటి బొమ్మలు, స్పష్టమైన గొంతు, కావాలంటే వెనక్కి తిప్పి మళ్లీ వినే సౌకర్యం అన్నీ ఉన్నాయి. మిగిలిన పనులు మాత్రం వెనకే ఉండిపోయాయి. ప్రత్యక్షంగా జరిగే ఆన్‌లైన్ తరగతుల్లో కూడా కెమెరాలు ఆపేసి కూర్చుంటే, ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో చెప్పేవారికి తెలిసే దారి లేదు. కాబట్టి ఆన్‌లైన్ చదువుకు కావలసిన నైపుణ్యం అంటే, ఒకప్పుడు తరగతి గది మన తరఫున చేసిపెట్టిన పనులను మనమే చేసుకోగలగడం. వీటిలో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తేలిగ్గా మరచిపోయేది ఒకటుంది. ఫలానాది నాకు ఇంకా రాలేదు అని ఎప్పటికప్పుడు కనిపెట్టడం.

అర్థమైనట్టు అనిపించడం

బాగా చెప్పే అధ్యాపకుల పాఠం వింటున్నప్పుడు ఒక్కో వాక్యం హాయిగా లోపలికి దిగుతుంది. ఎక్కడా అడ్డు తగలదు. అంత సులువుగా అర్థమవుతోంది కాబట్టి వచ్చేసినట్టేనని మనసు తీర్మానించుకుంటుంది. ఈ తీర్మానం ఎంత నమ్మదగినదో షానా కార్పెంటర్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2013లో పరీక్షించి చూశారు. ఒకే పాఠాన్ని, ఒకే మాటలతో, రెండు రకాలుగా వీడియో తీశారు. ఒకదానిలో అధ్యాపకురాలు నిటారుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, ధారాళంగా చెబుతారు. రెండోదానిలో బల్ల మీదికి వంగి, కాగితాలు చూస్తూ, తడబడుతూ చదువుతారు. ధారాళంగా సాగిన వీడియో చూసినవారు తమకు ఎక్కువ గుర్తుంటుందని అంచనా వేసుకున్నారు. తీరా పరీక్ష పెడితే రెండు గుంపులకూ ఇంచుమించు ఒకే ఫలితం వచ్చింది. చెప్పేవారి ధారాళత వినేవారి ఆత్మవిశ్వాసాన్ని పెంచింది, జ్ఞాపకాన్ని పెంచలేదు.

చేతితో చేసే పనుల్లోనూ ఇంతే. 2018లో మైకేల్ కార్డస్, ఎడ్ ఒబ్రయన్ జరిపిన ప్రయోగాల్లో కొందరికి డార్ట్స్ (బోర్డు మీది గురికి విసిరే చిన్న బాణాలు) విసిరే వీడియోను ఒక్కసారి, మరికొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవారు తాము బాగా విసరగలమని నమ్మారు. బోర్డు ముందు నిలబెడితే మాత్రం ఒక్కసారి చూసినవారికన్నా బాగా విసరలేకపోయారు. ప్రోగ్రామింగ్ వీడియోలు వరసగా చూసి, ఖాళీ ఫైలు తెరిచేసరికి మొదటి వరుస కూడా రాయలేక చేతులు ఆగిపోయేవారి కష్టానికి మూలం ఇక్కడే ఉంది. ఇంకొకరు రాస్తున్న కోడ్‌ను అనుసరించడం, తానే రాయడం పూర్తిగా వేర్వేరు పనులు. మొదటిదానిలో ప్రతి అడుగూ ఎదురుగా కనిపిస్తుంది. రెండోదానిలో తరువాతి అడుగు ఏమిటో మనమే తేల్చుకోవాలి.

ఈ భ్రమను పోగొట్టే మార్గం ఒకటి ఉంది, అది చాలాకాలంగా తెలిసినదే. పాఠాన్ని మూసేసి, అందులో ఏముందో గుర్తుచేసుకోవడం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం దీని బలాన్ని స్పష్టంగా చూపిస్తుంది. కొందరు విద్యార్థులు ఒక వ్యాసాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్కసారి చదివి, తరువాతి మూడు విడతల్లోనూ పుస్తకం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవారిదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత పరీక్ష పెడితే ఫలితం తలకిందులైంది. చదివినవారికి 40 శాతం గుర్తుంటే, రాసినవారికి 61 శాతం గుర్తుంది.

ఈ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ 5 నిమిషాల ఫలితం. మళ్లీ మళ్లీ చదవడం ఆ క్షణానికి నిజంగానే బాగా పనిచేస్తుంది. అందుకే దాన్ని నమ్ముతాం, అందుకే మోసపోతాం. గుర్తుచేసుకోవడం కష్టంగా, ఖాళీలతో, తప్పులతో సాగుతుంది. చేస్తున్నంతసేపూ నేను వెనకబడి ఉన్నానన్న భావన కలుగుతుంది. ఆ అసౌకర్యానికి భయపడి మళ్లీ వీడియో పెట్టుకుంటాం. రాబర్ట్ బ్యోర్క్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1990లలో ఈ సంగతినే సిద్ధాంతంగా చెప్పారు. నేర్చుకునేటప్పుడు కొన్ని రకాల కష్టాలు కోరుకోదగినవి, అవి అప్పటికి వేగాన్ని తగ్గించి, దీర్ఘకాలంలో పట్టును పెంచుతాయి అని. అన్ని కష్టాలూ మేలు చేసేవి కావన్నది కూడా గమనించాలి. ఆడియో సరిగా వినిపించకపోవడం, అవసరమైన పునాది లేకుండానే పై స్థాయి కోర్సులో చేరడం లాంటి కష్టాలు మనిషిని అలసిపోయేలా చేస్తాయి, అంతే.

2013లో జాన్ డన్‌లాస్కీ బృందం పది ప్రసిద్ధ అధ్యయన పద్ధతులను, వాటి మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలను దగ్గర పెట్టుకుని తూచింది. అత్యంత ప్రయోజనకరమైనవిగా తేలినవి రెండే. తమను తాము పరీక్షించుకోవడం ఒకటి, చదువును విడతలుగా, కొన్ని రోజుల మీద పరచుకోవడం రెండోది. విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువగా వాడే గీతలు గీయడం, రంగులు పూయడం, మళ్లీ చదవడం అట్టడుగు వరుసలో నిలిచాయి.

వీడియో ముందు కూర్చున్నప్పుడు

ఇక ఆచరణకు వద్దాం. 40 నిమిషాల పాఠం ఉందనుకుందాం. మొదలుపెట్టేముందే, ఆ విషయం గురించి ఇప్పటికే తెలిసినదాన్ని రెండు మూడు వాక్యాల్లో రాయండి. తెలియనిది ఏమిటో ఒక ప్రశ్నగా రాయండి. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వింటే, ఊరికే వినడానికన్నా ధ్యాస ఎక్కువసేపు నిలుస్తుంది.

తరువాత పాఠాన్ని ముక్కలు చేయండి. ఎడ్‌ఎక్స్ కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను 2014లో విశ్లేషించినప్పుడు, వీడియో ఎంత పొడవున్నా, సగం మంది 6 నిమిషాలకు మించి చూడడం లేదని తేలింది. దీన్ని బట్టి మనిషి ఏకాగ్రత 6 నిమిషాలేనని కొందరు ప్రచారం చేస్తారు. అది తొందరపాటు. ఆసక్తి, అవసరం, అలసట, పాఠం చెప్పే తీరు అన్నీ అందులో కలిసే ఉంటాయి. ఆ అంకె నుంచి తీసుకోవలసింది ఒక్కటే. ఒక అంశం పూర్తయిన చోట ఆపడం మంచిది, వీడియో దానంతట అది ముగిసేదాకా ఎదురుచూడనక్కరలేదు.

ఆపిన తర్వాత చేసేదే ముఖ్యం. హార్వర్డ్ పరిశోధకులు 2013లో 21 నిమిషాల సంఖ్యాశాస్త్ర పాఠాన్ని నాలుగు భాగాలుగా చేసి చూపించారు. ఒక గుంపుకు ప్రతి భాగం తర్వాతా చిన్న పరీక్ష పెట్టారు, మిగిలినవారికి పెట్టలేదు. మధ్యమధ్యలో ‘ఇప్పుడు మీ ధ్యాస ఎక్కడుంది’ అని అడిగితే, పరీక్షలు లేనివారు సుమారు 40 శాతం సందర్భాల్లో ఆలోచనలు ఎటో పోయాయని ఒప్పుకున్నారు. పరీక్షలు రాస్తున్నవారిలో అది దాదాపు సగానికి తగ్గింది. వారు నోట్సు కూడా సుమారు మూడు రెట్లు ఎక్కువ రాసుకున్నారు, చివరి పరీక్ష గురించి తక్కువ ఆందోళన పడ్డారు. ధ్యాస నిలవడం లేదని మనసును కోప్పడేకంటే, కాసేపట్లో జవాబు చెప్పాల్సి ఉందన్న పరిస్థితిని కల్పించుకోవడం ఎంతో మేలు. ప్రతి భాగం చివర వీడియో ఆపి, తెర వైపు చూడకుండా, ఇప్పటిదాకా విన్నది మీ మాటల్లో రాయండి. తరువాత వెనక్కి వెళ్లి సరిచూసుకోండి. తప్పిపోయినవాటిని వేరే రంగుతో చేర్చండి. మరుసటి రోజు ఆ రంగు ఉన్నచోటే ముందు చూడాలి.

నోట్సు పెన్నుతో రాయాలా, కీబోర్డుతోనా అన్న వాదన చాలా కాలంగా నడుస్తోంది. చేతితో రాస్తేనే మేలని 2014లో వచ్చిన ఒక పరిశోధన పేరు పొందింది. తరువాత ఇతరులు దాన్ని మళ్లీ చేసి చూసినప్పుడు ఫలితం అంత బలంగా రాలేదు. చెప్పినది చెప్పినట్టు ఎక్కించుకోవడం ఏ పరికరంతో చేసినా వృథాయే. వీడియో ఎలాగూ మన దగ్గరే ఉంటుంది, దాని నకలు మనకెందుకు? నోట్సులో ఉండవలసినవి ప్రశ్నలు, సొంత ఉదాహరణలు, ఇది ముందు పాఠంలోని ఫలానా విషయంతో ఎలా కలుస్తుందన్న గుర్తులు.

వేగం పెంచి చూడడం గురించి కూడా ఒక మాట. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ ప్రాంగణంలో జరిగిన ప్రయోగాల్లో, రెట్టింపు వేగం వరకు విద్యార్థుల అవగాహన పెద్దగా దెబ్బతినలేదు. అంతకు మించితే తగ్గింది. కాబట్టి వేగం పెంచడం తప్పేమీ కాదు, మిగిలిన సమయాన్ని దేనికి వాడుతున్నామన్నదే ప్రశ్న. మరో వీడియో చూడటానికి వాడితే లాభం లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ కోడింజర్ బృందం 2015లో ఒక ఆన్‌లైన్ మనోవిజ్ఞాన కోర్సు రికార్డులను విశ్లేషించింది. అభ్యాసాలు ఎక్కువగా చేయడానికీ, బాగా నేర్చుకోవడానికీ మధ్య ఉన్న సంబంధం, వీడియోలు ఎక్కువ చూడటంతో ఉన్న సంబంధానికన్నా ఆరు రెట్లు బలంగా కనిపించింది. ఈ ఒక్క కారణం చాలు, కోర్సును ఎంచుకునేటప్పుడు బోధకుల పేరుకన్నా ముందు అందులో ఎన్ని అభ్యాసాలున్నాయో చూడటానికి. లేకపోతే మనమే తయారు చేసుకోవాలి. ప్రోగ్రామింగ్ అయితే, వీడియోలో చేసిన సమస్యనే ఖాళీ ఫైలులో మొదటి నుంచి చేసి, తరువాత షరతు ఒకటి మార్చి మళ్లీ చేయాలి. చరిత్ర పాఠమైతే, ఈ సంఘటన ఇరవై ఏళ్ల ముందే ఎందుకు జరగలేదని ప్రశ్నించుకుని ఒక పేరా రాయవచ్చు.

మళ్లీ ఎప్పుడు తెరవాలి

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల కూర్పులను వందల కొద్దీ బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నారో తన మీదే ప్రయోగం చేసుకున్నారు. 1885లో ఆ ఫలితాలు ప్రచురించారు. మళ్లీ నేర్చుకోవడంలో ఆదా అయ్యే శ్రమను బట్టి కొలిస్తే, గంటకే సగానికి పైగా చేజారింది, ఒక రోజుకు సుమారు మూడింట రెండు వంతులు పోయింది. ఆ తర్వాత మరపు వేగం బాగా తగ్గింది. అర్థమున్న పాఠాలు ఇంత వేగంగా చెరిగిపోవు. అయినా కాలంతో పాటు మరపు ఎలా సాగుతుందో చూపే వక్రరేఖ ఆకారం మాత్రం చాలావరకు అదే. మొదటి రోజుల్లోనే నష్టం ఎక్కువ.

అందుకే వారాంతంలో ఒకే రోజున ఐదు గంటలు కూర్చోవడంకన్నా, ఆ ఐదు గంటలనూ వారమంతా పంచుకోవడం మేలు. విరామం ఎంత ఉండాలన్నది గుర్తుపెట్టుకోవలసిన కాలాన్ని బట్టి మారుతుంది. నికొలస్ సెపెడా బృందం 2008లో వెయ్యి మందికి పైగా వ్యక్తులతో జరిపిన అధ్యయనంలో, పరీక్షించిన విరామాల్లో వారం తర్వాతి పరీక్షకు ఒక రోజు ఎడమిచ్చి పునశ్చరణ చేయడం, 35 రోజుల తర్వాతి పరీక్షకు 11 రోజుల ఎడం, 350 రోజుల తర్వాతి పరీక్షకు 21 రోజుల ఎడం మెరుగైన ఫలితాన్నిచ్చాయి. ఈ అంకెలను తు.చ. తప్పకుండా పాటించనక్కరలేదు. ఎక్కువ కాలం నిలవాలంటే ఎడం కూడా పెంచుతూ పోవాలన్న దిశ తెలిస్తే సరిపోతుంది. రేపు ఒకసారి, వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, ప్రతిసారీ ముందు గుర్తుచేసుకుని ఆ తరువాతే నోట్సు తెరవడం చాలామందికి కుదిరే పద్ధతి.

సాధనలో సమస్యలను కలగలపడం కూడా ఇలాంటిదే. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో నాలుగు రకాల ఘనాకృతుల పరిమాణం కనుక్కునే లెక్కలతో ఒక ప్రయోగం చేశారు. ఒక్కో రకాన్నీ విడివిడిగా సాధన చేసినవారు సాధన సమయంలో 89 శాతం సరిగా చేశారు, కలగలిపి చేసినవారు 60 శాతమే చేయగలిగారు. వారం తర్వాత పరీక్షలో మొదటివారికి 20 శాతం, రెండోవారికి 63 శాతం వచ్చింది. ఆన్‌లైన్ కోర్సుల్లో ప్రతి పాఠం కిందా ఆ పాఠానికి సంబంధించిన అభ్యాసాలే ఉంటాయి కనుక, ఏ సూత్రం వాడాలో ఆలోచించే అవసరమే రాదు. పాత పాఠాల నుంచి రెండు మూడు సమస్యలు తీసి కొత్తవాటిలో కలుపుకోవడం మన చేతిలోనే ఉంది.

వేళ, ఫోను, తోడు

ఖాళీ దొరికినప్పుడు చదువుదామనుకుంటే ఆ ఖాళీ రాదు. పీటర్ గాల్విట్జర్ అనే శాస్త్రవేత్త పరిశోధనలు చెప్పేదేమిటంటే, ‘ఫలానా పని పూర్తవగానే ఫలానా చోట కూర్చుని ఫలానా పాఠం తెరుస్తాను’ అని సందర్భంతో ముడిపెట్టి నిర్ణయించుకున్నవారు తమ సంకల్పాన్ని నెరవేర్చుకునే అవకాశం పెరుగుతుంది. ఒక వారం తప్పిపోతే, మిగిలిపోయినదంతా ఒకేసారి పూర్తి చేయాలని పంతం పట్టవద్దు. చాలామంది కోర్సు వదిలేసేది అక్కడే. ఆ వారం పాఠాల్లో ముందుకు వెళ్లడానికి తప్పనిసరైనది చూసుకుని, ఈ వారంతో కలిసిపోండి. ఫోను సంగతి తేలిక. అది వేరే గదిలో ఉండాలి.

తోడు గురించి మాత్రం కాస్త ఆగాలి. ఒంటరిగా చదువుతున్నవారికి సందేహం వచ్చినప్పుడు చాలా కోర్సులు ఒక చర్చావేదికను ఇస్తాయి, చాలామంది సిగ్గుపడి అందులో ఏమీ రాయరు. ప్రశ్నను బాగా రాయడం కూడా చదువులో భాగమే. నేను చేయబోయింది ఇది, రావాలనుకున్నది ఇది, వచ్చింది ఇది, నా అనుమానం ఫలానా అడుగు మీద అని రాస్తుంటే, పంపకముందే జవాబు తట్టిన సందర్భాలు ఎన్నో ఉంటాయి. ఇతరుల ప్రశ్నలకు జవాబు రాయడం ఇంకా మంచి సాధన. ఇంకొకరికి వివరించబోయినప్పుడే మన అవగాహనలోని ఖాళీలు బయటపడతాయి.

ఇప్పుడు చాలామంది ఆ ప్రశ్నను చర్చావేదికకు బదులు కృత్రిమ మేధ చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. ఏ వేళలోనైనా ఓపిగ్గా జవాబిచ్చే తోడు దొరకడం ఒంటరి విద్యార్థికి నిజమైన వరం. ఇక్కడే పాత భ్రమ కొత్త రూపంలో తిరిగి వస్తుంది. తుర్కియే (టర్కీ)లోని ఒక ఉన్నత పాఠశాలలో సుమారు వెయ్యి మంది విద్యార్థులతో జరిగిన గణిత ప్రయోగం ఫలితాలు 2025లో ప్రచురితమయ్యాయి. మామూలు చాట్‌బాట్ సాయంతో సాధన చేసినవారు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. సాయం తీసేసి పరీక్ష పెడితే, అసలు ఏ సాయమూ లేకుండా చదివినవారికన్నా 17 శాతం వెనకబడ్డారు. జవాబు నేరుగా చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా తీర్చిన చాట్‌బాట్ వాడినవారిలో ఈ నష్టం చాలావరకు కనిపించలేదు.

కాబట్టి సమస్యను ముందు కనీసం పది నిమిషాలు మీరే పట్టుకోండి. చేసినంతవరకు చూపించి, జవాబు వద్దు, తరువాతి అడుగుకు ఒక సూచన మాత్రం ఇవ్వమని అడగండి. పాఠం పూర్తయ్యాక, దాని మీద మిమ్మల్ని ఐదు ప్రశ్నలు అడగమని దానికే చెప్పవచ్చు. అది చెప్పే విషయాల్లో తప్పులూ దొర్లుతాయి కనుక కోర్సులోని పాఠంతో సరిచూసుకోవాలి. ఆ సాయంతో పూర్తి చేసిన సమస్యను మర్నాడు చాట్‌బాట్, వీడియో, నోట్సు అన్నీ మూసేసి కాగితం మీద మళ్లీ చేయండి. ఎక్కడ ఆగిపోతారో, ఆ రోజు చదువు అక్కడ మొదలుపెట్టండి.